రీజెంట్స్ పార్క్ రోడ్డు, రెండో నంబరు ఇల్లు

లండన్ క్యామ్డెన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్‌కు 2030లో నూరేళ్లు నిండుతాయి. ఇంగ్లండు కంట్రీ డ్యాన్సులు ఎక్కడెక్కడో పుట్టినా, మరుగున పడకుండా నిలిచింది ఈ ఇంటి చలవవల్లే. 

ఈ ఇంటి కథకు మూలం 1651లో జాన్ ప్లేఫర్డ్ అనే లండన్ ప్రచురణకర్త అచ్చువేసిన 'ది ఇంగ్లిష్ డ్యాన్సింగ్ మాస్టర్'. రాజు తల తెగి రెండేళ్లయింది, దేశంలో రాజే లేడు. అలాంటి రోజుల్లో వందకు పైగా నృత్యాలు ఒకే పుస్తకంలోకి వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక్క వరసలో స్వరం, దాని కింద ఎవరు ఎటు కదలాలో క్లుప్తంగా సూచన. అడుగు ఎలా వేయాలన్నది మాత్రం చెప్పలేదు. ఆ పుస్తకం 1728 దాకా ముద్రణలు పొందింది. తర్వాత వాల్ట్జ్, పోల్కా వచ్చి ఈ ఆటను పల్లెలకు నెట్టేశాయి.

1899 క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్‌లో విలియం కింబర్ కాన్సర్టీనా వాయిస్తుంటే మోరిస్ అనే జానపద ఆట చూశాడు సంగీతం మాస్టారు సెసిల్ షార్ప్. అక్కణ్ణుంచి ఆయన జీవితం ఈ దారి పట్టింది. ప్లేఫర్డ్ సూచనలను విప్పి, కాళ్లకు ఎక్కించి, పియానో సహకారం రాసి పుస్తకాలుగా తెచ్చాడు. 1911 డిసెంబరు 6న ఇంగ్లిష్ ఫోక్ డ్యాన్స్ సొసైటీ ఏర్పడింది.

కంట్రీ డ్యాన్సు అందం వరసలోనే ఉంది. ఆడవాళ్లూ మగవాళ్లూ ఎదురెదురుగా రెండు బారుల్లో నిలబడతారు. మన కోలాటంలో జతలు మారినట్టు పై జంట ఒక్కో జంటతో ఆడుతూ కిందికి దిగుతుంది. చివరికి చేరాక ఒక విడత ఆగి, మళ్లీ పైకి ఎక్కుతుంది. కొన్ని ఆటల్లో ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, ఆ తర్వాత పక్కపక్కకు చేరే సైడింగ్, చేతులు పెనవేసి తిరిగే ఆర్మింగ్. 'గ్యాదరింగ్ పీస్కాడ్స్' వలయంగా ఆడేది. మగవాళ్లు లోపల చేయీ చేయీ పట్టి తిరిగి వస్తారు, తర్వాత ఆడవాళ్లు. ఆపైన ఒక జట్టు నడిమికి వెళ్లి చప్పట్లు కొట్టి వెనక్కి వస్తుంటే రెండో జట్టు లోపలికి వెళుతుంది. ఫిడేలు పాదం ముగిసే క్షణానికి కాలు తన చోట ఉండాలి. నాకు నేర్పిన పెద్దావిడ ఈ ఒక్క విషయంలో ఎవర్నీ క్షమించేది కాదు.

1916 ఈ డ్యాన్స్ సొసైటీని కుదిపేసింది. షార్ప్ ప్రదర్శన బృందంలో ఆడిన స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్ ఆగస్టు 5న, మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ పోరులో చనిపోయాడు. వయసు 31. శవం కూడా దొరకలేదు, తియెప్వల్ స్మారకం మీద పేరే మిగిలింది. అదే ఏడు ఫ్రాన్సులో ఆ బృందంలోనే ఆడిన పెర్సెవల్ లూకస్, జార్జ్ విల్కిన్సన్, రెజినాల్డ్ టిడ్డీ కూడా పోయారు. యుద్ధానికి ముందు తీసిన చిన్న చలనచిత్రంలో బటర్‌వర్త్ ఇప్పటికీ ఎగిరి దూకుతుంటాడు. దాన్ని నేను ఎన్నిసార్లు చూసినా పూర్తిగా చూడలేను.

షార్ప్ 1924లో పోయాక చందాలు పోగుచేసి ఆయన పేరున కట్టిన ఈ భవనం 1930 జూన్ 7న తెరుచుకుంది. 1932లో జానపద గేయాల సంఘం వచ్చి డ్యాన్స్ సొసైటీతో కలిసింది. 1940లో బాంబు పడింది, మరమ్మతులై 1951లో మళ్లీ తలుపులు తీశారు. మిగిలిన దశాబ్దాలు తరగతులతో, సమావేశాలతో గడిచాయి.

స్మరించుకోవలసినవారు ఎందరో. సంఘాన్ని నడిపిన డగ్లస్ కెన్నెడీ, ఆయన భార్య హెలెన్, ఆమె అక్క మాడ్ కార్‌పెలెస్, లేడీ మేరీ ట్రెఫ్యూసిస్, అమెరికా నుంచి ఆదుకున్న హెలెన్ స్టోరో, గ్రంథాలయానికి పేరిచ్చిన రాల్ఫ్ వాన్ విలియమ్స్, ఇంకా పేరు రాని చందాదారులు.

మేరీ నీల్ పేరు మాత్రం ఈ వరసలో వినపడక నా మనసు చివుక్కుమంటుంది. లండన్‌లో కుట్టుపని చేసే పేద పిల్లల ఎస్పెరాన్స్ క్లబ్బుకు 1905లో ఆమె కింబర్ చేత మోరిస్ నేర్పించింది. ఆ పిల్లలు ఊరూరా వెళ్లి నేర్పారు, వాళ్లలో ఫ్లారెన్స్ వారెన్ అమెరికా దాకా వెళ్లింది. ఆట తీరు ఎలా ఉండాలన్న మాట మీద షార్ప్‌తో తగవు వచ్చింది. ఆయన కచ్చితత్వం అడిగాడు, ఆమె ఉల్లాసం అడిగింది. సంఘం ఆయన వైపు నిలిచింది. కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి నేర్పిన ఆ పిల్లల పేర్లు నూరేళ్ల పండగనాడైనా వేదిక మీద చదవమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.