బొంబాయిలో అద్దె గది, సొంత ఫ్లాట్: నూరేళ్ల చరిత్ర

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో బొంబాయి వాసులకు ఇల్లు కొనాలా, అద్దెకుండాలా అన్న ప్రశ్న దాదాపు ఎదురయ్యేది కాదు. భూమీ, దాని మీద లేచిన మేడా కలిపి ఒకే యజమాని పేర ఉండేవి. ఆ మేడలో ఒక అంతస్తునో, అంతస్తులో ఒక వాటానో విడిగా కొని రిజిస్టరు చేయించుకునే ఏర్పాటు అప్పటి చట్టంలో లేదు. బంగ్లా కట్టుకునే స్తోమత ఉన్న కొద్దిమందిని మినహాయిస్తే మిల్లు కూలీ, గుమాస్తా, వకీలు, డాక్టరు అందరూ అద్దెదారులే. 1930, 40 దశకాల్లో మెరైన్ డ్రైవ్ పొడవునా సముద్రానికి ఎదురుగా లేచిన అందమైన భవనాలు కూడా అద్దెల కోసం కట్టినవే. తర్వాతి కాలంలో పరిస్థితి తిరగబడింది. దేశం మొత్తం మీద పట్టణ కుటుంబాల్లో అద్దె ఇళ్లలో ఉండేవారు 1961లో 54 శాతం కాగా, 2011 నాటికి 28 శాతానికి తగ్గారు. ఈ మార్పును సొంతింటి మీద మనుషులకున్న మమకారంతో మాత్రమే వివరించడం కుదరదు. బొంబాయిలో అద్దె, కొనుగోలు మధ్య తూకాన్ని ఎక్కువగా మార్చింది చట్టాలు. ఒక్కో చట్టం ఒక్కో తరం కుటుంబాల నిర్ణయాన్ని ముందే ఖాయం చేసేసింది.

1850ల మధ్యలో నూలు మిల్లులు మొదలయ్యాక పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాల్లో చాళ్లు పుట్టుకొచ్చాయి. పొడవాటి వరండా, దాని వెంట వరుసగా ఒక్కో గది, చివర అందరికీ కలిపి నీటి కుళాయి, మరుగుదొడ్లు ఉండేవి. ఒక గదిలో ఒక కుటుంబం ఉంటే నయమే అనుకోవాలి. ఊరి నుంచి ఒంటరిగా వచ్చిన మగవాళ్లు పదిమంది కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, మిల్లు షిఫ్టులను బట్టి వంతులవారీగా నిద్రపోయేవారు. తిండి మాత్రం ఆడవాళ్లు నడిపే ఖానావళిలో. వీళ్లలో కొంకణ, సతారా ప్రాంతాల మరాఠీలతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి రాళ్లు కొట్టే పనికి, ఇళ్లు కట్టే పనికి వలస వెళ్లిన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. తర్వాత కరీంనగర్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు మిల్లుల్లో మగ్గం ఖాతాల్లో చేరి, వర్లీ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వీళ్లందరి దృష్టిలో ఇల్లంటే ఊళ్లోదే. బొంబాయి గది సంపాదన ఉన్నన్నాళ్లు తలదాచుకునే చోటు. మిగిల్చిన డబ్బు ఊళ్లో గోడకో, పెంకుకో, చెల్లెలి పెళ్లికో వెళ్లేది. కొనుక్కోవడం సాధ్యమై ఉన్నా బొంబాయిలో కొనాలని వాళ్లు అనుకునేవారు కాదేమో.

1896లో మాండ్వీలో బయటపడిన ప్లేగు ఈ గదుల సంగతిని ప్రభుత్వం ముందుకు తెచ్చింది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. గాలీ వెలుతురూ లేని పేటలను కూలగొట్టి, వెడల్పు రోడ్లు వేసి, పేదలకు కొత్త ఇళ్లు కట్టించడం దాని బాధ్యత. మొదటి ఏళ్లలో అది కూలగొట్టిన గదులు ఎక్కువ, కట్టినవి తక్కువ. అద్దె గదులకు కొరత పెరగడానికి ట్రస్టు కూడా ఒక కారణమైంది. అయినా అది కట్టిన చాళ్లు నగర చరిత్రలో నిలిచిపోయాయి. పరేల్‌లోని అలాంటి ట్రస్టు చాల్‌లో రెండు అద్దె గదుల్లోనే డాక్టర్ అంబేద్కర్ కుటుంబం సుమారు రెండు దశాబ్దాలు గడిపింది. 1930లలో ఆయన దాదర్ హిందూ కాలనీలో ‘రాజగృహ’ కట్టుకున్నారు. వేలాది పుస్తకాలకు చోటు కావాలన్నది ఆ ఇంటి నిర్మాణానికి ముఖ్య కారణం. అద్దె గది నుంచి సొంత ఇంటికి వెళ్లిన బొంబాయి ప్రయాణాల్లో అంతకంటే గొప్పది మరొకటి లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరుకుల ధరలతో పాటు అద్దెలూ ఎగబాకాయి. 1918లో చిన్న ఇళ్ల అద్దెలకు పరిమితి విధిస్తూ మొదటి అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. పదేళ్లలో అది ముగిసిపోయింది. ఆ చట్టం అమల్లో ఉండగానే గవర్నర్ జార్జ్ లాయిడ్ 1920లో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటును నెలకొల్పి, మిల్లు కార్మికుల కోసం యాభై వేల గదులు కట్టిస్తామని ప్రకటించాడు. దీని ఖర్చులో కొంత, నగరానికి వచ్చే ప్రతి పత్తి బేలు మీద రూపాయి సుంకం వేసి రాబట్టారు. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 చాళ్లు లేచాక పని ఆగిపోయింది. ఒక్కో చాల్‌లో 80 గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. కాంక్రీటు గోడలతో చీకటిగా ఉన్న ఆ గదుల అద్దె కూలీలకు భారమై, మిల్లులకు దూరమై, వర్లీలో వేల గదులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. ఇళ్లకు కటకటలాడుతున్న నగరంలో ఖాళీ గదులు పడి ఉండటం అప్పటికే మొదలైంది.

సొంతింటి దారి మొదట మధ్యతరగతి వైపు నుంచి, అదీ సహకార పద్ధతిలో తెరుచుకుంది. 1904 చట్టం పరపతి సంఘాలకే పరిమితం కాగా, 1912 నాటి కొత్త చట్టం ఇతర సహకార సంఘాలకూ వీలిచ్చింది. 1915లో శ్రీపాద్ సుబ్బారావు తల్మకీ చొరవతో గామ్‌దేవిలో సారస్వత గృహనిర్మాణ సహకార సంఘం ఏర్పడింది. ఈ తరహా సంఘాల్లో దేశంలో మొదటిది ఇదే. ఇక్కడ మేడ సంఘానిది. సభ్యులు షేర్లు కొని, తమ వాటాకు నెలనెలా అద్దె కట్టేవారు. ఆ అద్దె పరాయి యజమాని జేబులోకి పోకుండా తమ సంఘం ఖాతాకే చేరేది. అద్దెకూ సొంతానికీ మధ్య నిలిచిన ఈ ఏర్పాటు ఎంతో వివేకవంతమైనది. అయితే ఉద్యోగం, కొద్దో గొప్పో పొదుపు, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్న కులాలకూ వర్గాలకూ మాత్రమే అది అందింది.

రెండో ప్రపంచ యుద్ధం మళ్లీ అద్దెలను పైకి తోసింది. 1939లో ఒకటి, 1944లో మరొకటి నియంత్రణ చట్టాలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 1947 నాటి బొంబాయి అద్దె చట్టం నగర రూపాన్నే మార్చేసింది. 1940 సెప్టెంబరు 1న ఒక గది అద్దె ఎంత ఉందో అదే ‘ప్రామాణిక అద్దె’ అని చట్టం తేల్చింది. పన్నులు, మరమ్మతుల పేరిట స్వల్పంగా తప్ప అంతకు మించి వసూలు చేయకూడదు. అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం, చట్టం చెప్పిన కొన్ని కారణాలకు తప్ప అద్దెదారును ఖాళీ చేయించకూడదు. అద్దెదారు చనిపోతే అతనితో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యుడికి అదే హక్కు దక్కుతుంది. కొన్నేళ్లకే అనుకున్న ఈ తాత్కాలిక చట్టాన్ని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ యాభై ఏళ్లు నడిపారు. విభజన కాందిశీకులతో, గ్రామాల నుంచి వచ్చే వలసలతో నగరం పొంగిపొర్లుతున్న ఆ రోజుల్లో ఈ రక్షణ లేకపోతే లక్షల కుటుంబాలు వీధిన పడేవి. ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. అయితే సరుకుల ధరలు పదింతలు, ఇరవై ఇంతలు పెరుగుతున్నా 1940 నాటి అద్దె కదలలేదు. కాలం గడిచేకొద్దీ అద్దెదారు కట్టేది నామమాత్రమైపోయింది. మునిసిపల్ పన్ను కూడా ఆ అద్దె మీదే లెక్క కట్టడంతో నగరపాలక సంస్థ రాబడి కూడా కుంగిపోయింది.

ఈ చట్టం నీడలోనే పగ్డీ పద్ధతి వేళ్లూనింది. గది ఇవ్వడానికి యజమాని అద్దె కాక అదనంగా సొమ్ము తీసుకోవడం చట్టం దృష్టిలో నేరం. అయినా పెద్ద మొత్తం రొక్కంగా చేతులు మారనిదే గది దొరికేది కాదు. అద్దెదారు గది వదిలి వెళ్లాలనుకుంటే కొత్తగా వచ్చేవాడి దగ్గర పగ్డీ తీసుకుని, అందులో వాటా, చాలా చోట్ల మూడో వంతు, యజమానికి ఇచ్చేవాడు. యజమాని కొత్త పేరు మీద రసీదు రాసేవాడు. పన్నెండు రూపాయల అద్దె రసీదు పుస్తకం వేల రూపాయలకు, తర్వాత లక్షలకు అమ్ముడుపోయింది. దీంతో అద్దెదారు సగం యజమాని అయ్యాడు. కొన్నవాడికున్న స్థిరత్వం అతనికి ఉంది, అమ్ముకునే హక్కు కూడా ఒక విధంగా ఉంది. పత్రం మాత్రం లేదు. బ్యాంకు దాని మీద అప్పివ్వదు, లావాదేవీ అంతా నల్లధనంలోనే. ఆ కాలపు కుటుంబానికి అద్దె, కొనుగోలు అనే రెండే దారులు ఉండేవి కావు. పగ్డీ గది మూడో దారి. దాదర్‌లోనో గిర్గావ్‌లోనో పగ్డీ గది అమ్మి, ఆ సొమ్ముతో శివారులో ఫ్లాట్ కొన్న కుటుంబాలు లెక్కకు మించి ఉన్నాయి.

రాబడి లేని భవనానికి యజమాని సున్నం వేయించడు, పైకప్పు బాగుచేయించడు. తనది కాని భవనం మీద అద్దెదారూ ఖర్చు పెట్టడు. ప్రతి వర్షాకాలం ఏదో ఒక పాత చాల్ కూలి మనుషులు చనిపోతున్న దశలో 1969లో మరమ్మతుల బోర్డు చట్టం తెచ్చి, పాత భవనాల మీద సెస్సు వేశారు. దక్షిణ, మధ్య బొంబాయిలో సుమారు 19 వేల భవనాలు ఈ లెక్కలోకి వచ్చాయి. 1970లలో ఆ బోర్డు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాలో కలిసింది. దూలాలకు ఆసరాగా నిలబెట్టిన కర్రలు నేటికీ పాత పేటల్లో కనిపిస్తాయి.

చట్టం నుంచి తప్పించుకోవడానికి యజమానులు ‘లీవ్ అండ్ లైసెన్స్’ ఒప్పందాన్ని పట్టుకున్నారు. ఉంటున్నవాడు అద్దెదారు కాదు, అనుమతి మీద కొన్నాళ్లు ఉంటున్నవాడు మాత్రమే అన్నది దాని సారం. 1973లో ప్రభుత్వం చట్టాన్ని సవరించి, ఆ ఏడాది ఫిబ్రవరి 1 నాటికి అలా ఉంటున్నవారందరినీ రక్షిత అద్దెదారులుగా ప్రకటించింది. నాటి నివాసులకు అది వరమైంది. కానీ ఇల్లు అద్దెకిస్తే ఇక చేజారినట్టే అన్న భయం యజమానుల్లో పాతుకుపోయింది. ఇళ్లకు తాళాలు పడ్డాయి. అద్దెల కోసం కొత్త భవనాలు కట్టేవారు అప్పటికే దాదాపు కనుమరుగయ్యారు. బొంబాయికి కొత్తగా వచ్చిన యువ దంపతులకు అద్దె ఇల్లు దొరకని స్థితిని ఈ రక్షణ చట్టమే తెచ్చిపెట్టింది. లోపల ఉన్నవాడికి కోట, బయట ఉన్నవాడికి మూసిన తలుపు.

ఆ మూసిన తలుపే కొనుగోలు మార్కెట్టును పెంచింది. సింధు నుంచి వచ్చిన కాందిశీకులు సహకార సంఘాలుగా ఏర్పడి మేడలు కట్టుకున్నారు, వారిలోంచి బిల్డర్లూ తయారయ్యారు. 1960లో మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1963లో ఓనర్‌షిప్ ఫ్లాట్ల చట్టం వచ్చాయి. ఒప్పందం రాసి రిజిస్టరు చేయకముందు బిల్డరు ధరలో ఇరవై శాతానికి మించి బయానా తీసుకోరాదని, ఫ్లాట్లు అమ్మాక సంఘం ఏర్పాటు చేసి భూమిని దాని పేర రాసివ్వాలని రెండో చట్టం నిర్దేశించింది. ఈ ఆఖరి బాధ్యతను ఎగ్గొట్టిన బిల్డర్లు కోకొల్లలు. కొన్నవాడి చేతిలో మిగిలేది సంఘం ఇచ్చిన యాభై రూపాయల షేర్లు ఐదో పదో. జీవితకాలపు సంపాదనకు ఆ షేరు పత్రమే ఆధారం.

కొనాలంటే డబ్బు కావాలి. 1970ల దాకా జీతగాడు ఇల్లు కట్టుకునేది ఉద్యోగ విరమణప్పుడు వచ్చే ప్రావిడెంట్ ఫండుతోనే. 1977లో హెచ్.టి. పారేఖ్ బొంబాయిలో హెచ్‌డీఎఫ్‌సీ స్థాపించి, నెలవారీ వాయిదాల మీద దీర్ఘకాలిక గృహరుణాన్ని మధ్యతరగతికి అలవాటు చేశారు. అరవయ్యేళ్ల వయసులో తీరే కోరిక ముప్పై అయిదుకు దిగివచ్చింది. ములుండ్, బోరివలీ, దహిసర్, తర్వాత డోంబివలీ, మీరా రోడ్, నాలాసోపారా ఇలా అప్పులతోనే నిండాయి. గంటన్నర లోకల్ రైలు ప్రయాణం ఆ సొంతింటి ధరలో భాగమైంది.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. మిల్లులు మూతపడి జీతం పోయాక చాలామంది కార్మికులకు మిగిలిన ఒకే ఆస్తి, నామమాత్రపు అద్దె మీద ఉన్న ఆ ఒక్క గది. కొందరు ఆ గదిని నిలుపుకుని పిల్లలను చదివించారు. కొందరు అమ్ముకుని ఊరికో శివారుకో వెళ్లారు. పద్మశాలీల్లో భివండీ పవర్‌లూమ్‌ల వైపు మళ్లినవారూ ఉన్నారు. అద్దె చట్టాన్ని ఆర్థిక సూత్రాలతో మాత్రమే తూచేవారు ఈ అధ్యాయాన్ని మరిచిపోకూడదు.

1940 నాటి అద్దెను అలాగే బిగించి ఉంచడం అసమంజసమని సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో తేల్చింది. కొత్త అద్దె నియంత్రణ చట్టం 1999లో రూపొంది, 2000 మార్చి 31 నుంచి అమలైంది. పాత అద్దెలు ఏటా 4 శాతం పెరగవచ్చు. పెద్ద కంపెనీలకూ బ్యాంకులకూ రక్షణ లేదు. యాభై ఏళ్లు నేరంగా ఉన్న పగ్డీ చట్టబద్ధమైంది. కొత్తగా అద్దెకిచ్చేవారికి మాత్రం పదకొండు నెలల లైసెన్సు ఒప్పందం స్థిరపడింది. గడువు ముగిశాక ఖాళీ చేయించడం సులువైంది. దాంతో తాళాలు కొన్ని తెరుచుకున్నా, అద్దెదారు స్థిరత్వం పోయింది. పిల్లల బడి మధ్యలో ఉండగా ఏటా ఇల్లు మారే బాధ కొత్త తరం అద్దెదారులదే.

ఇప్పటి ముంబైలో ఒక ఫ్లాట్ మీద ఏడాదికి వచ్చే అద్దె దాని ధరలో చాలా చిన్న భాగమే. గృహరుణం వడ్డీ రేటు దానికంటే చాలా ఎక్కువ. లెక్క ప్రకారం చూస్తే అద్దెకుండటమే లాభం. అయినా కుటుంబాలు ఇరవై ఏళ్ల వాయిదాలకు సిద్ధపడుతున్నాయంటే, వడ్డీ రూపంలో వారు కడుతున్నది ఎవరూ పొమ్మనని భరోసాకు ధర. 2011 జనగణన ప్రకారం ముంబైలో 4.8 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. దేశంలో ఏ నగరంలోనూ అన్ని లేవు. అద్దె రాబడి కోసం కాక, ధర పెరుగుతుందని కొని తాళం వేసినవి వాటిలో చాలానే ఉన్నాయి.

పాత అద్దెదారుల కథ మరో మలుపు తిరిగింది. సెస్సు భవనాలను పడగొట్టి తిరిగి కట్టే బిల్డరుకు అదనపు అంతస్తులు అమ్ముకునే వీలిచ్చి, పాత అద్దెదారులకు ఉచితంగా సొంత ఫ్లాట్లు ఇచ్చే విధానం 1990ల నుంచి సాగుతోంది. లాయిడ్ కాలపు చాళ్లకూ ఇప్పుడు అదే ఏర్పాటు, ఇక్కడ నిర్వహణ మ్హాడాది. 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాట్. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి. బయటి మార్కెట్టులో ఎన్ని తరాలు కష్టపడినా కొనలేని ఇంటికి వారు యజమానులయ్యారు. లిఫ్టులు, నీటి పంపులు, కాపలా ఖర్చులను నెలనెలా భరించడం మాత్రం ఈ కుటుంబాలకు కొత్త, ఎత్తయిన టవర్లలో ఆ ఖర్చు పాత అద్దెకు ఎన్నో రెట్లు.