దైవమా, ఏమరుపాటా?

అకాలమరణవార్త వినబడినప్పుడు మన యిండ్లలో మొదట పుట్టు మాట "తలవ్రాత" యనునది. పెద్దలు నుదురు చూపుదురు. పిన్నలు తల వంతురు. అంతటితో విచారణ ముగియును. దుఃఖమున నున్నవారికి ఆ మాట కొంత యూరట గలిగించునని మే మెఱుగుదుము. కావున దానిని పరిహసింపము. కాని ఆ మాట చాటున పలుమారు మనుష్యుల యేమరుపాటు దాగియుండును. పోయినవానికి ఊరటతో పనిలేదు. రేపు ఆ త్రోవనే పోవలసినవానికి మాత్రము నిజముతో పని గలదు.

ఈ గుణము మన దేశమునకే ప్రత్యేకమని తలంపరాదు. శాస్త్రజ్ఞానమున ముందంజ వేసిన ఐరోపాఖండమునందును, యంత్రములతోనే జీవితము గడపువారి నడుమను ఇదియే జరిగినది. 1973వ సంవత్సరము మే 20వ తేదీ ఆదివారమున ఇటలీ దేశమందలి మోంజాలో జరిగిన మోటారుసైకిలు పందెముల వృత్తాంత మిందుకు తార్కాణము. దానిని చదువరులకు కొంత వివరముగా జెప్పదలచితిమి.

మోంజా మిలాను నగరమునకు ఉత్తరమున నున్న పట్టణము. అచ్చటి రాజోద్యానమున 1922లో నొక పందెపుబాటను నిర్మించిరి. చెట్ల నడుమ సాగు ఆ బాట వేగమునకు పేరుపొందినది, మృత్యువునకును పేరుపొందినది. 1928లో నొక కారు బాట దాటి జనుల మీదికి దూసికొనిపోగా ఇరువదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. 1961లో మరల అట్టి యుపద్రవమే సంభవించి ఒక సారథియు, పదిమందికి మించిన ప్రేక్షకులును బలియైరి. 1970లో యోఖెన్ రిండ్ట్ అను కారు సారథి శనివారపు అభ్యాసమున మరణించెను. ఆదివారము పందెము యథాప్రకారముగా జరిగినది. ఆ యేటి ప్రపంచ విజేత యెవ్వడని లెక్క చూడగా, మరణించిన యతడే యని తేలినది! ఇట్టి బాట మీదనే 1973లో మోటారుసైకిళ్లు బారులు తీరినవి.

నాడు ఇరువురు వీరులపై జనుల దృష్టి విశేషముగా నుండెను. ఒకడు యార్నో సారినెన్. ఫిన్లండు దేశమున టుర్కూ పట్టణమువాడు. ఇంజనీరింగు విద్య నభ్యసించినవాడు. తన యంత్రమును తానే విప్పి బిగింప నేర్చినవాడు. 1972లో 250 సి.సి. తరగతిలో ప్రపంచ విజేత యయ్యెను. 1973లో యమహావారి బండి నెక్కి అమెరికాలో డేటోనా, ఇటలీలో ఈమోలా అను రెండు ప్రసిద్ధ పందెములను గెలిచెను. 250 తరగతిలో ఆ యేటి మొదటి మూడు ప్రపంచ పందెములును అతనివే. రెండవవాడు రెంజో పజోలినీ. ఇటలీలో రీమినీ పట్టణమువాడు. కండ్లద్దములు పెట్టుకొని పందెమాడువాడు. స్వదేశపు జనులకు ప్రాణము. ముందటి సంవత్సరము ప్రపంచ విజయము ఒక్క పాయింటు తేడాతో అతని చేయి జారి సారినెన్‌కు దక్కినది. మోంజాలో ఆ బాకీ తీర్చుకొనునని అతని దేశీయు లాశించిరి. అప్పటికి సారినెన్‌కు ఇరువదియేడేండ్లు, పజోలినీకి ముప్పదినాలుగు.

పందెముల దినమున తరగతి వెంబడి తరగతి పరుగులు సాగును. 250 సి.సి. పందెమునకు ముందు 350 సి.సి. పందెము జరిగినది. అందులో వాల్టర్ విల్లా యను నతని బెనెల్లి బండినుండి చివరి చుట్లలో నూనె కారినదని పలువురు పందెగాండ్రు చెప్పిరి. మోటారుసైకిలు నడుపనివారికి ఇందలి ప్రమాదము తెలియకపోవచ్చును. పందెగాడు మలుపు తిరుగునప్పుడు బండిని నేలకు వాల్చును. అప్పుడు చక్రము నేలను తాకునది అరచేయి యంత చోటు మాత్రమే. బండియు, మనిషియు, వేగమును ఆ అరచేయి మీదనే నిలిచియుండును. అచ్చట కొన్ని చుక్కల నూనె యున్నను పట్టు జారిపోవును. నాలుగు చక్రముల బండి జారినచో ప్రక్కకు తిరుగును. రెండు చక్రముల బండి జారినచో మనుష్యుడే నేలపాలగును.

జాన్ డాడ్స్ అను ఆస్ట్రేలియా దేశపు పందెగాడు తరువాతి పందెము మొదలగుటకు ముందే అధికారులయొద్దకు బోయి, బాటమీద నూనె గలదనియు, దానిని తుడిపింపుడనియు హెచ్చరించెనట. వారు బాట తుడిపింపలేదు సరికదా, అతడు నోరు మూసికొననిచో బయటికి గెంటింతుమని బెదరించిరని చెప్పుదురు. మన కథలో కీలక మిచ్చట నున్నది. ప్రమాదమును చూచినవానికి పందెము నాపు అధికారము లేదు. అధికారము గలవాడు ప్రమాదమును చూడ నొల్లడు.

250 సి.సి. పందెము ప్రారంభమైనది. బండ్లు గుంపుగా బయలుదేరి, దాదాపు ఇన్నూరు కిలోమీటర్ల వేగమున "కుర్వా గ్రాందే" యనబడు పెద్దమలుపు చొచ్చినవి. ముందువరుసలో నున్న పజోలినీ బండి యకస్మాత్తుగా జారినది. అతడు పడెను, బండి బాట ప్రక్కనున్న ఉక్కుకంచెను ఢీకొని, చెండువలె ఎగిరి మరల బాటమీదికే వచ్చి, వెంట వచ్చుచున్న సారినెన్‌కు తగిలినది. వెనుకవారికి తప్పించుకొనుటకు చోటు లేదు, కాలము లేదు. పదిమందికి పైగా పందెగాండ్రు ఒకరిపై నొకరు కూలిరి. గడ్డికట్టలు అంటుకొని మంటలు లేచినవి. పజోలినీయు, సారినెనును అచ్చటనే మరణించిరి. తీవ్రముగా గాయపడినవారిలో విల్లాయు నుండెను. ఆ పందెము నిలిపివేయబడినది. తరువాత జరుగవలసిన 500 సి.సి. పందెమును మానుకొనిరి. ఉదయమున ఉత్సవముగా మొదలైన దినము శ్మశానవాటికవలె ముగిసినది.

పిదప విచారణ జరిగినది. పజోలినీ బండి యంత్రము నడుమ బిగిసిపోయి చక్రము తిరుగక పోవుటయే కారణమని విచారణకర్తలు తేల్చిరి. బాటమీది నూనెయే కారణమని పందెగాండ్రలో పలువురు వాదించిరి. ఈ వాదము నేటికిని పూర్తిగా సమసిపోలేదు. దానిని తీర్చు సామర్థ్యము మాకు లేదు. తీర్పవలసిన యవసరమును లేదు. ఏలనగా, నూనె వలన పడినను, యంత్రము బిగిసి పడినను, పడిన బండిని తిరిగి మనుష్యుల మీదికి విసరినది ఉక్కుకంచె. దానిని గూర్చి మాత్రము వివాదము లేదు.

ఆ కంచె యేల వచ్చినది? ఇందులో నొక చిత్రమున్నది. 1960వ దశకమున కారు పందెములలో మరణములు పెరుగగా, జాకీ స్టూవర్ట్ మొదలగు సారథులు రక్షణకై పోరాడిరి. చెట్లకును, జనులకును బండ్లు తగులకుండ ఉక్కుకంచెలు కట్టవలెనని కోరిరి. వారి కోరిక న్యాయమైనదే. కారులోని మనిషి చుట్టును ఇనుము గలదు. కంచె అతని కారును పట్టి నిలుపును. మోటారుసైకిలు నడుపువాని చుట్టు తోలుబట్ట తప్ప మఱేమియు లేదు. ఆ కంచెయే వానికి గోడ. ఒకనికి ఔషధమైనది వేఱొకనికి విషమగునని వైద్యు లెఱుగుదురు. పందెముల నేర్పఱచువారు ఎఱుగక పోయిరి, లేదా ఎఱిగియు ఖర్చునకు వెనుదీసిరి. ఒక్క బాటనే రెండు విధముల బండ్లకును అద్దె కిచ్చుట లాభకరమగు పని గదా!

ఇంత జరిగిన పిమ్మట నైనను బుద్ధి కలిగెనా యని చదువరు లడుగవచ్చును. నలువది తొమ్మిది దినములు గడచినవి. జూలై 8వ తేదీని, అదే మోంజాలో, అదే పెద్దమలుపులో, యువకుల పందెమున మఱి ముగ్గురు మరణించిరి. మొదటి యిద్దరి మరణమును తలవ్రాత యనినచో అనవచ్చును. తక్కిన మూడు మరణములకు నుదుటివ్రాత చాలదు. అచ్చట మనుష్యుల చేవ్రాతయే కనబడుచున్నది.

అప్పటికే పందెగాండ్రలో నొక మార్పు మొదలైయుండెను. 1972లో బ్రిటనుకు చేరువనున్న మాన్ ద్వీపమున, కొండదారుల పందెములో, వానలో జారిపడి జిల్బెర్తో పార్లోత్తీ మరణించెను. అతని స్నేహితుడును, నాటి మహావీరుడును అగు జాకోమో అగోస్తీనీ ఆ పిమ్మట ఆ ద్వీపమున పందెమాడ నని శపథము పట్టెను. ఇతరులును అతని వెంట నడచిరి. 1974లో జర్మనీయందలి న్యూర్‌బుర్గ్‌రింగ్ బాటలో తగినంత రక్షణ లేదని ప్రముఖులు బండ్లు కదలింపక వెడలిపోయిరి. 1976 తరువాత మాన్ ద్వీపపు పందెము ప్రపంచ పోటీలనుండి తొలగింపబడినది. 1977లో ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బుర్గ్‌రింగ్ బాటలో 350 సి.సి. పందెమున హాన్స్ స్టాడెల్మాన్ మరణింపగా, 500 సి.సి. పందెమున కెక్కవలసిన ప్రముఖులు "మే మెక్కము" అనిరి. వారు ప్రాణమునకు వెఱచినవారు కారు. ప్రతి వారము ప్రాణము నొడ్డుచున్నవారే. తోడివాని ప్రాణమునకు విలువ కట్టుమనిరి, అంతియే. చూచినవాని మాటకు చెల్లుబాటు కావలెనను ధర్మము ఆ నిరాకరణములవలన మెల్లమెల్లగా నెలకొన్నది.

నేడు బాటల ప్రక్కన విశాలమైన కంకరమైదానములు, గాలి నింపిన మెత్తని కంచెలు గలవు. 2018 నుండి ప్రపంచ పందెములందు గాలితిత్తి గల కవచము తప్పనిసరి యైనది. ఐనను మృత్యువు పూర్తిగా వెడలిపోలేదు. 2021 మే 29న, శనివారమున, ఇటలీలోని ముజెల్లోలో జేసన్ డ్యుపాస్కియే యను పందొమ్మిదేండ్ల స్విస్ యువకుడు పడిపోయి, మఱునాడు ఆసుపత్రిలో మరణించెను. ఆదివారము ఒక నిమిషము మౌనము పాటించి పెద్దపందెమును నడిపించిరి. నడుపకుండ వలసినదని పందెగాండ్రే కొందఱు బహిరంగముగా జెప్పిరి. ఆ యేడే పదునాలుగు, పదునైదు సంవత్సరముల బాలురు ఇరువురు స్పెయిను దేశపు బాటలపై మరణించిరి. అంతట ప్రపంచ పందెములందు పాల్గొనుటకు పదునెనిమిదేండ్లు నిండవలెనను నియమమును, స్వల్పమైన మినహాయింపులతో, 2023 నుండి అమలుపఱచిరి.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. 2023 ఆగస్టు 5న మద్రాసు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై పందెపుబాటపై పదమూడేండ్ల బాలుడు పందెమున బడి మరణించెను. ఆ వారాంతమున మిగిలిన పందెములన్నిటిని మానివేసిరి. అది తగిన పని. అయినను పందెము నాపుట శోకమునకు మర్యాద. శోకము మరల రాకుండ జేయుట వేఱు పని. అది విచారణవలన గాని మౌనమువలన గాదు.

మేము పందెములకు శత్రువులము కాము. యువకుల సాహసము జాతికి ధనము. పాఠశాల వాకిట నిలిచి చూచు మావంటి ఉపాధ్యాయుల కన్నులకు వేఱొక పందెము ప్రతిదినమును కనబడుచున్నది. మీసము రాని బాలుడు తండ్రి బండి నెక్కి, వెనుక ఇద్దరిని కూర్చుండబెట్టుకొని వచ్చును. తల్లి భయపడి ఒక మాట యన్నచో, "మగపిల్లవాడు, నేర్చుకొననీ" యని తండ్రి నవ్వును. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుని దోషిగా నెంచు నిబంధనను 2019లో మోటారు వాహనముల చట్టమున జేర్చిరి. చట్టము మేలుకొన్నది, గృహము మేలుకొనవలసియున్నది. మన యింట నూనెను చూచునది ఆ తల్లి. ఆమె మాటను త్రోసిపుచ్చువాడు మోంజా అధికారికంటె నెంత మేలు?

దైవమునకు పురుషకారము తోడు కావలెనని మన ధర్మశాస్త్రకారులు చెప్పిరి. చేయవలసిన దంతయు చేసిన పిదపనే దైవము పే రెత్తుట మర్యాద. బాట తుడువక, కంచె తీయక, హెచ్చరించినవాని నోరు మూయించి, తుదకు తలవ్రాత యనుట దైవమును నిందించుటయే యగును. ఇకమీద ఏ యింటనైనను, ఏ సభలోనైనను చిన్నవాడొకడు "అచ్చట నూనె యున్నది" యని చెప్పినచో, ముందు పోయి చూతము. లేకున్న నష్టము లేదు. ఉన్నచో నొక ప్రాణము నిలుచును.