రాజీ

అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మనకొచ్చిన మాట ఇది. మూలంలో 'రాజీ' అంటే తృప్తిపడ్డవాడు, ఇష్టంగా ఒప్పుకున్నవాడు. 'నామా' అంటే పత్రం. కాబట్టి రాజీనామా మొదట ఒప్పుదల పత్రమే. హిందీలో ఇప్పటికీ ఆ అర్థం ఉంది. మన దగ్గర మాత్రం కొలువు వదులుకునే కాగితమైంది. లోక్ అదాలత్ వస్తే 'రాజీ మార్గమే రాజమార్గం' అని బ్యానర్లు కడతారు. గట్టు తగాదాకు ఆ మాట సరిపోతుంది. చావుల దగ్గర సరిపోతుందా?

2004 అక్టోబరులో నల్లమల నుంచి వచ్చిన నక్సలైట్ నాయకులు హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వంతో నాలుగు రోజులు చర్చలకు కూర్చున్నారు. ఎస్.ఆర్.శంకరన్ నడిపిన పౌర స్పందన వేదిక 1997 నుంచి ఇరుపక్షాల హింసనూ తప్పుపడుతూనే, మాట్లాడుకోండని ఇద్దరినీ బతిమాలుతూ వచ్చింది. ఎన్‌కౌంటర్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి, మందుపాతరకు భర్తను పోగొట్టుకున్న కానిస్టేబుల్ భార్య: మాట అసలు అర్థం ప్రకారం ముందుగా రాజీ కావలసింది వీళ్లు. వీళ్ల గాయం మానకుండానే ఎదుటివాడితో చేయి కలపాలి. అది అన్యాయమే. అయినా ఆ బల్ల దగ్గర కూర్చోవడమే సరైన పని అని నా నమ్మకం. 2005 జనవరిలో నక్సలైట్లు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టులో వాళ్ల మీద నిషేధం మళ్లీ వచ్చింది.