గీత దాటినా గెలవని పందెం

ఒక గుర్రపు పందెం ఉంది. దూరం 160 కిలోమీటర్లు, ఒక్క రోజులో పూర్తి చెయ్యాలి. ఓ రౌతు అందరికంటే ముందొచ్చి గీత దాటేశాడు. గెలిచినట్టేనా? ఇంకా లేదు. గుర్రాన్ని తీసుకెళ్ళి పశువైద్యుడి ముందు నిలబెట్టాలి. ఆయన స్టెతస్కోపు పెట్టి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెడతాడు. చర్మం పట్టి లాగి వదిలి, ఎంతసేపటికి సర్దుకుంటుందో చూస్తాడు (ఒంట్లో నీళ్ళు తగ్గితే ఆలస్యంగా సర్దుకుంటుంది). చిగుళ్ళు నొక్కి చూస్తాడు, పేగుల చప్పుడు వింటాడు, చివరికి కాస్త దూరం పరిగెత్తించి కుంటుతోందేమో చూస్తాడు. ఆయన "ఊహూఁ" అన్నాడా, అంతే సంగతులు. అంత దూరం వచ్చినా ఆ జోడీ పందెం పూర్తి చెయ్యనట్టే లెక్క.

దీన్ని ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారు. నాకు గుర్రాల గురించి పెద్దగా అనుభవం లేదు. ఎక్కినదల్లా బీచిలో పది నిమిషాలు తిప్పే గుర్రమే, అదీ కళ్ళెం వేరేవాడి చేతిలో! నన్ను పట్టుకున్నది పైన చెప్పిన నిబంధన. రిలీజ్ రోజున టెస్టింగ్ టీమ్ "ఇది వెళ్ళకూడదు" అంటే ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో మనందరికీ తెలుసు కదా. మరి ఇక్కడ ఆ మాటకి ఇంత బలం ఎలా వచ్చింది? ఊరికే రాలేదు. చాలా గుర్రాలు చచ్చాక వచ్చింది.

1892 అక్టోబరులో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ సైన్యాధికారులకి ఓ సరదా పుట్టింది. ఎవరి అశ్వికదళం గొప్పదో తేల్చుకుందామని జర్మన్లు బెర్లిన్ నుంచి వియన్నాకి, ఆస్ట్రియన్లు వియన్నా నుంచి బెర్లిన్‌కి బయల్దేరారు. దాదాపు 580 కిలోమీటర్లు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో రౌతు ఇష్టం. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చిన కౌంట్ స్టార్‌హెంబర్గ్ 71 గంటల చిల్లరలో చేరి గెలిచాడు. అంటే మూడు రోజులు కూడా పట్టలేదన్నమాట. జర్మన్లలో అందరికంటే వేగంగా వచ్చిన రైట్జెన్‌స్టైన్‌కి 73 గంటలు పట్టింది. లిప్‌స్ప్రింగే అనే ఆయన గుర్రం వియన్నా చేరాక చచ్చిపోయింది. అదొక్కటే కాదు, ఆ పందెంలో ఇరవైకి పైగా గుర్రాలు పోయాయి. పేపర్లు దుమ్మెత్తిపోశాయి. అయినా బుద్ధి రాలేదు. 1902లో బ్రస్సెల్స్ నుంచి ఓస్టెండ్‌కి 132 కిలోమీటర్ల సైనిక పందెం పెట్టారు. బయల్దేరినవాళ్ళలో సగం మందే చేరారు, పదికి పైగా గుర్రాలు చచ్చాయి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మనకో సామెత ఉంది. కింద పనిచేసేవాళ్ళు బద్ధకస్తులని నమ్మే ప్రతి మేనేజరుకీ నచ్చే సామెత. నా అనుమానం, దాన్ని కట్టింది రౌతులే అయ్యుంటారు, గుర్రాలు కాదు. నిజానికి గుర్రం చాలాసార్లు తను ఆగదు. పక్క గుర్రం పరిగెడుతుంటే తనూ పరిగెడుతుంది, పైనున్నవాడు పొమ్మంటే పోతుంది. లిప్‌స్ప్రింగే వియన్నా దాకా వచ్చిందంటే దానికి ఓపిక మిగిలి కాదు, ఆపేవాళ్ళు లేక.

ఆపే ప్రయత్నం కొంతైనా జరిగింది మరుసటేడు, అమెరికాలో. 1893 జూన్‌లో నెబ్రాస్కాలోని చాడ్రన్ అనే చిన్న ఊరి నుంచి షికాగో దాకా కౌబాయ్‌ల పందెం. సుమారు 1,600 కిలోమీటర్లు. అప్పుడు షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది, దాని పక్కనే డేరా వేసిన బఫెలో బిల్ వైల్డ్ వెస్ట్ షో దగ్గర పందెం ముగింపు. జంతు సంక్షేమ సంఘాలు గొడవ చేశాయి. ఇలినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ తన రాష్ట్రంలో గుర్రాలని హింసిస్తే ఊరుకోమని ప్రకటన జారీ చేశాడు. చివరికి రాజీ కుదిరింది: పందెం జరుగుతుంది, కానీ దారిలో సంఘాల మనుషులు గుర్రాలని పరీక్షిస్తారు. రౌతులు తొమ్మిది మంది. జాన్ బెర్రీ అనేవాడు 13 రోజుల్లో ముందుగా చేరాడు (దారి మ్యాపు తయారీలో వాడి చెయ్యి ఉందని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు, అది వేరే గొడవ). పందెం కట్టినవాళ్ళకి సంబంధం లేని ఓ మూడో మనిషి వచ్చి గుర్రం వైపు నుంచి చూడటం, అదీ ఇక్కడ కొత్త.

అసలు ఆట ఇప్పటి రూపానికి రావడం 1955లో మొదలైంది. కాలిఫోర్నియాలో ఆబర్న్ అనే ఊరు. బే ఏరియా నుంచి ఐ-80 మీద లేక్ తాహోకి మంచు చూడ్డానికి వెళ్ళే మనవాళ్ళందరూ దాన్ని దాటే ఉంటారు. అక్కడ వెండెల్ రాబీ అని కలప వ్యాపారి ఉండేవాడు. ఈ కాలపు గుర్రాలు ఒక్క రోజులో వంద మైళ్ళు పోలేవని ఎవరో అంటే ఆయనకి పౌరుషం వచ్చింది. ఆగస్టులో కొందరు మిత్రులతో కలిసి బాండోస్ అనే తన అరేబియన్ గుర్రం మీద తాహో దగ్గర బయల్దేరి, సియెర్రా కొండలు దాటి, 24 గంటల లోపే ఆబర్న్ చేరాడు. అదే తర్వాత ఏటేటా జరిగే టెవిస్ కప్ అయింది. వేసవిలో, వీలైనంతవరకు పున్నమి దగ్గర్లో పెడతారు. పగలంతా లోయల్లో మాడే ఎండ, రాత్రి వెన్నెల్లో సన్నటి కొండదారి. దాదాపు సగం మందే పూర్తి చెయ్యగలుగుతారు. 24 గంటల్లో, గుర్రం బాగుండగా చేరిన ప్రతి ఒక్కరికీ వెండి బకిల్ ఇస్తారు, అది మొదటివాడైనా చివరివాడైనా. 1964 నుంచి హాగిన్ కప్ అని ఇంకొకటి కూడా ఉంది. ముందొచ్చిన పది గుర్రాల్లో అన్నిటికంటే మంచి స్థితిలో ఉన్నదానికి ఇస్తారు. 1972లో పుట్టిన అమెరికా ఎండ్యూరెన్స్ సంఘం నినాదమూ ఇదే: పూర్తి చెయ్యడమే గెలుపు.

అన్నట్టు, 1973లో గోర్డీ ఆన్స్లీ అనే కుర్రాడి గుర్రం కుంటడంతో మధ్యలో ఆపేశారు. మరుసటేడు గుర్రం లేకుండా తనే కాలినడకన పరిగెత్తి, అదే దారిని 23 గంటల 42 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఆ కొండదారిలో మనుషుల వంద మైళ్ళ పరుగు పందేనికి అది నాంది!

ఈ ఆటలో ఇంజనీర్లకి నచ్చే ముక్క వెట్ గేట్. దారిలో కొన్నిచోట్ల ఆగి తీరాలి. గుర్రం నాడి నిర్ణీత సంఖ్యకి (సాధారణంగా నిమిషానికి 64) దిగినప్పుడే విశ్రాంతి సమయం లెక్క మొదలవుతుంది. కాబట్టి ఆఖరి రెండు మైళ్ళు దౌడు తీయించి లాభం లేదు, సంపాదించిన సమయమంతా గేటు దగ్గర పోతుంది. గుర్రాన్ని బాగా చూసుకోమని నీతులు చెప్పకుండా, చూసుకోకపోతే నష్టం వచ్చేలా కట్టారు. భలే ఉంది కదూ?

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. 1978లో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య ఈ ఆటని గుర్తించింది, 1986లో రోమ్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. తర్వాత గల్ఫ్ రాజకుటుంబాలు దిగాయి. కొండల బదులు చదునైన ఎడారి, పక్కనే కార్లలో సీసాలకొద్దీ నీళ్ళు పొయ్యడానికి మనుషులు, పెద్ద బహుమతులు. రాబీ గుర్రం సగటున గంటకి 7 కిలోమీటర్లు నడిచిన దూరాన్ని గంటకి 25 దాటి పరిగెత్తించారు. నాడి మాత్రం 64కి దిగుతూనే ఉంది, ఎముకలు విరగసాగాయి. గేటు దగ్గర కొలిచేది ముఖ్యంగా గుండెని. ఎముకలో లోపల పేరుకునే అలసటని స్టెతస్కోపు పట్టుకోలేదు. టెస్టులన్నీ పాసై, ప్రొడక్షన్‌లో కూలిపోవడం అంటే ఇదే.

2015 మొదట్లో ఎమిరేట్స్‌లో స్ప్లిటర్స్ క్రీక్ బండీ అనే గుర్రం పందెంలో ముందు కాళ్ళు రెండూ విరిగి చచ్చిపోయింది. ఆ ఫోటోలు లోకమంతా చూసింది. మార్చిలో సమాఖ్య ఆ దేశపు సంఘాన్ని సస్పెండ్ చేసి, జూలైలో తిరిగి తీసుకుంది. 2016 ప్రపంచ పోటీని దుబాయ్ నుంచి స్లొవేకియాకి మార్చింది. వేగంగా పరిగెత్తిన గుర్రానికి అదనపు విశ్రాంతి రోజులు అన్న నిబంధన కూడా వచ్చింది. న్యాయంగా ఇంకోటి చెప్పాలి: అదే అబుదాబిలో బౌధీబ్ అనే చోట నిర్వాహకులు తమంతట తామే వేగానికి గంటకి 20 కిలోమీటర్ల హద్దు పెట్టి, నాడి హద్దు కూడా కిందికి దించారు. అంటే ఎడారిది కాదు తప్పు, దేనికి బహుమతి ఇస్తున్నామన్నదే అసలు విషయం.

నాకనిపించేది ఇది. బెర్లిన్-వియన్నాలో ఆపే మనిషి లేడు. ఎడారిలో ఆపే మనిషి ఉన్నాడు, కానీ ఆయన కొలిచేది ఒకటి, విరిగేది ఇంకొకటి, డబ్బు మాత్రం వేగానికే. టెవిస్‌లో ఆపే మనిషి మాటకి విలువ ఉందంటే, ఆఖరున వచ్చినవాడికీ అదే బకిల్ దొరకడం వల్లే. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే గుర్రమే పోతుంది. గుర్రం నోరు తెరిచి చెప్పలేదు. మనం చెప్పగలం, అయినా అప్‌రైజల్ గుర్తొచ్చి ఎన్నిసార్లు చెబుతాం?

మీ ప్రాజెక్టులో "ఇక చాలు, ఆపండి" అనే అధికారం ఎవరికుంది? ఆ మాట అన్నవాళ్ళకి తర్వాత ఏమైంది? వీలైతే చెప్పండి.