సీతాకోకచిలుక – ఛాయాచిత్రము

జిల్లేడు మొక్కలపై వ్రాలు నారింజవన్నె సీతాకోకచిలుకను తెలుగునాట చూడని విద్యార్థి అరుదు. దాని ముందురెక్కల కొనలు నల్లనివి; ఆ నలుపుపై తెల్లని మచ్చలుండును. ఈ కీటకమును 1860 ప్రాంతపు కెమెరా యెదుట నుంచినచో పటములో ఏమి కనబడును? నల్లని రెక్క, దానిపై నాలుగు తెల్లచుక్కలు! నారింజకు, నలుపునకు భేదమే తెలియదు. ఆనాటి వెండి లవణపు పలకలు నీలము, ఊదా, అతినీలలోహిత కిరణములకే స్పందించెడివి. నారింజ, ఎరుపు రంగులు వానికి చీకటితో సమానము.

కావుననే ఈ విషయమున చిత్రకారుని కుంచెదే చాలకాలము పైచేయిగా నుండెను. మేరియా సిబిల్లా మెరియన్ అను విదుషి 1699లో దక్షిణ అమెరికాలోని సూరినాముకు పోయి, గొంగళిపురుగును, ప్యూపాను, సీతాకోకచిలుకను, అవి ఆశ్రయించు మొక్కతోపాటు ఒకే పటమున చిత్రించెను. ఆమె గ్రంథము 1705లో వెలువడినది. అట్టి పటముతో పోల్చదగినది కెమెరాకు చిక్కుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది.

1873లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వోగెల్, ఎమల్షనులో కొన్ని అద్దకపు రంగులు కలిపినచో పలక ఆకుపచ్చ కాంతినికూడ గ్రహించునని కనుగొనెను. అయినను పటము నలుపు తెలుపులలోనే వచ్చెడిది. రంగులను రంగులుగా పట్టిన మార్గములలో మిక్కిలి చిత్రమైనది ఫ్రాన్సు దేశమున గాబ్రియెల్ లిప్‌మన్ 1891లో ప్రకటించినది. ఆయన పలక వెనుక పాదరసము నిలిపెను. లోనికి వచ్చు కాంతి తరంగములు, పాదరసమునుండి తిరిగి వచ్చు తరంగములు కలిసి స్థిర తరంగములుగా ఏర్పడి, ఎమల్షనులో వెండిని పొరలు పొరలుగా నిలుపును. పిదప తెల్లని కాంతి ఆ పొరలపై పడినప్పుడు తొలుత వచ్చిన రంగే తిరిగి వెలువడును. అద్దకము ఒక చుక్కయైనను లేదు. దక్షిణ అమెరికా అడవులలోని మోర్ఫో సీతాకోకచిలుక నీలిమ కూడ ఇట్టిదే: దాని పొలుసులపై గట్లలో కైటిను పొరలు, గాలి సందులు ఒకదానిపై నొకటి అమరి నీలి కాంతిని వెనుకకు పంపును. లిప్‌మన్‌కు 1908లో నోబెల్ బహుమానము లభించినది. కాని ఆయన పలకకు నిమిషముల తరబడి వెలుతురు కావలెను.

1907లో ల్యుమియేర్ సోదరులు రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులతో ఆటోక్రోము పలకలను విక్రయించిరి. ఎండలో కూడ వానికి తరచు ఒక సెకనుకు పైగా పట్టెడిది. సీతాకోకచిలుక అంతసేపు కదలక కూర్చుండునా? అందుచే పటమున కెక్కినది ఎక్కువగా సూదికి గ్రుచ్చిన శవమే. ఇది గుర్తించుట సులభము. సేకర్తలు ముందురెక్కల వెనుక అంచు దేహమునకు లంబముగా నుండునట్లు లాగి ఆరబెట్టుదురు. ప్రాణమున్న సీతాకోకచిలుక పూవుపై అట్లు రెక్కలు చాచుట అరుదు.

దానిని చంపకుండ పటము తీయుటకు త్రోవ చూపినది కళాకారులకంటె విద్యుచ్ఛాస్త్రమే యనవచ్చును. 1930 దశకారంభమున అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్, వాయువు నింపిన గొట్టములో విద్యుత్తును ఒక్కసారిగా ప్రవహింపజేసి క్షణికమైన మెరుపును సాధించెను. 1935లో కొడాక్రోము ఫిల్ము వచ్చినది. దానిని రూపొందించిన మానెస్, గొడోవ్‌స్కీలు ఇరువురును సంగీత విద్వాంసులు! ఇంగ్లండులో స్టీఫెన్ డాల్టన్ ఈ రెంటి ఫలితమును మరింత ముందుకు నడిపెను. ఎగురు కీటకము ఒక సన్నని కాంతిరేఖను దాటగనే సెకనులో 25,000వ వంతుపాటు ఫ్లాషు వెలుగు ఏర్పాటు చేసికొనెను. 1975లో వెలువడిన ఆయన గ్రంథమున ఎగురు కీటకముల రెక్కలు ఎట్లు వంగునో, మెలిపడునో స్పష్టముగ చూడవచ్చును.

కేవలము రెక్కల అందమునకై జీవితమును వెచ్చించినవారును కలరు. నార్వేలో జన్మించిన షెల్ సాండ్‌వెడ్, వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ మ్యూజియములో ఒక చిమ్మట రెక్కపై ‘ఎఫ్’ అక్షరమును చూచి, ఇంగ్లీషు అక్షరములన్నిటిని రెక్కలపైనే వెదకి పటములు తీసెను.

మోర్ఫో నీలిమ మాత్రము అచ్చునకు పూర్తిగా లొంగలేదు. సిరాతో ముద్రించిన నీలము ఏ ప్రక్కనుండి చూచినను ఒకటే. రెక్కను ఏటవాలుగా త్రిప్పినచో ఆ నీలము ఊదా వైపు జరుగును. లిప్‌మన్ పలకను త్రిప్పినను రంగు అట్లే మారును.