మీ ఇ-మెయిల్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇ-మెయిల్ ఖాతాల చోరీ గురించి వ్రాసేవారు సాధారణంగా పాస్‌వర్డ్‌తో మొదలుపెడతారు. రంభ వంటి ఊరిలో అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆ ఖాతాను తెరిచినది ఎవరు? మన పెద్దవారి ఖాతాలు అనేకం జన సేవా కేంద్రంలో, ఏదో ఒక దరఖాస్తు కోసం, అక్కడి కుర్రవాడు తెరిచి ఇచ్చినవి. కొన్నింటిని సూరత్‌లోనో గల్ఫ్‌లోనో పనిచేసే కుమారుడు తన ఫోన్ నంబరు ఇచ్చి తెరిచి ఉంటాడు. ఖాతా మనది, తాళంచెవి మరొకరిది. ఆ మరొకరు నిజాయితీపరుడే కావచ్చు; ఆయన కంప్యూటరు మాత్రం పదిమంది చేతులలో తిరిగేది.

ఇ-మెయిల్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఫేస్‌బుక్ గాని, ఆన్‌లైన్ దుకాణపు ఖాతా గాని పాస్‌వర్డ్ మరచిపోయామంటే కొత్తది పెట్టుకొనే లింకు సాధారణంగా అక్కడికే వస్తుంది. ఇ-మెయిల్ చేజిక్కించుకొన్నవాడు తక్కిన తలుపులు బద్దలు కొట్టవలసిన పని లేదు.

ఆ ఇ-మెయిల్ చేజారితే తిరిగి దక్కించుకొనే ప్రధాన మార్గం ఫోన్ నంబరు. వలస కుటుంబాలకు చిక్కు ఇక్కడే. ఊరికి తిరిగివచ్చినవారు అక్కడి సిమ్‌ను వదిలివేస్తారు. మూసివేసిన నంబరును కనీసం 90 రోజుల వరకు మరొకరికి కేటాయించరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తరువాత కేటాయించవచ్చునన్నమాట. మీ ఖాతాలో పాత నంబరే ఉండిపోతే, మీకు రావలసిన ఓటీపీ ముక్కూమొగం తెలియనివారికి చేరుతుంది. కనుక ముందుగా బ్యాంకులోను, ఇ-మెయిల్‌లోను, వాట్సాప్‌లోను నంబరు మార్పించి, ఆ తరువాతనే సిమ్ మానుకోవాలి.

జీమెయిల్ వాడేవారు గూగుల్ ఖాతాలోని 'సెక్యూరిటీ' పుట తెరిస్తే రికవరీ నంబరు, రికవరీ ఇ-మెయిల్, ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉన్నదీ కనిపిస్తాయి. తెలియని ఫోన్ ఉంటే అక్కడే సైన్ అవుట్ చేయవచ్చు. జీమెయిల్ సెట్టింగులలో 'ఫార్వర్డింగ్' అనే చోటు కూడా ఉన్నది. దానిని చూసేవారు తక్కువ. దొంగ ఒక్కసారి లోపలికి వచ్చి, ప్రతి ఉత్తరానికీ నకలు తనకు చేరేటట్లు అమర్చి పోతే, మీరు పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా ఆ నకళ్ళు వెళ్తూనే ఉంటాయి.

పాస్‌వర్డ్ విషయంలో పాత సలహా మారింది. తరచుగా మార్చాలి, అంకెలు, గుర్తులు కలపాలి అన్న నియమాలు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శకాల ద్వారా లోకమంతటా పాకాయి. 2017లో అదే సంస్థ మాట మార్చుకొని, చోరీ జరిగిన ఆధారం లేనిదే మార్చనక్కరలేదనీ, పొడవే ముఖ్యమనీ చెప్పింది. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా వ్రాసుకోవచ్చు. మనుమరాలి పేరు, పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు; వాటిని ఫేస్‌బుక్‌లో మనమే చాటాము. ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్కటి ఉండాలి. 2013లో యాహూలో జరిగిన చోరీ 300 కోట్ల ఖాతాలను తాకింది. ఒకచోట దొరికిన పాస్‌వర్డ్‌ను దొంగలు పదిచోట్ల పెట్టి చూస్తారు. నోటుపుస్తకంలో వ్రాసి బీరువాలో దాచుకోవడం తప్పా అని అడిగేవారున్నారు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడటం కంటె అది ఎంతో నయం.

దీనికి తోడు రెండంచెల తనిఖీ పెట్టుకోవాలి. ఫోన్‌కు వచ్చే కోడ్ మూకుమ్మడి మోసపు ఉత్తరాల దాడులను 96 శాతం, ఒక వ్యక్తినే గురిపెట్టిన దాడులను 76 శాతం ఆపగలిగిందని 2019లో గూగుల్ ప్రకటించింది. మిగిలినచోట్ల ఆ కోడ్‌ను మననుండే రాబడతారు.

ఎలా రాబడతారో చెప్పడానికి తమిళనాడు కేసు ఒకటి చాలు. తూత్తుకుడికి చెందిన ఒక ప్రవాస ఉద్యోగి 2007లో, బ్యాంకు పంపినట్లే కనిపించిన ఇ-మెయిల్‌కు జవాబిచ్చి 6.46 లక్షల రూపాయలు పోగొట్టుకొన్నారు. ఐటీ చట్టం క్రింద విచారణ జరిపిన రాష్ట్ర అధికారి, 12.85 లక్షలు చెల్లించమని 2010 ఏప్రిల్‌లో బ్యాంకును ఆదేశించారు. అందరికీ అటువంటి తీర్పు దక్కుతుందని అనుకోరాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, రహస్య వివరాలు ఖాతాదారే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఆయనదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుచేత గంట ఆలస్యమైనా డబ్బుతో పని.

పూర్వం తప్పుల తడక ఇంగ్లీషును బట్టి దొంగ ఉత్తరాన్ని పట్టేవారము. ఇప్పుడు యంత్రాలు శుద్ధమైన ఒడియా, తెలుగు వ్రాసిపెడుతున్నాయి గనుక భాషను నమ్మలేము. చూడవలసినది చిరునామా. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం మేరకు మన బ్యాంకుల వెబ్‌సైట్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపుకు మారవలసి వచ్చింది. ఈ ముగింపు చివరనే ఉండాలి. నడుమ ఇరికించి వెనుక మరేదో తగిలిస్తే అది నకిలీ. ఉత్తరంలోని లింకును నొక్కకుండా, బ్యాంకు చిరునామాను మీరే టైపు చేసుకోండి.

డబ్బు పోతే మొదట బ్యాంకుకు, వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. వ్రాతపూర్వక ఫిర్యాదు రంభ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వవచ్చు; బరంపురంలో సైబర్ పోలీస్ స్టేషన్ ఉన్నది. మా పరిధి కాదని త్రిప్పి పంపకుండా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని 2024 జూలై 1 నుండి అమలైన కొత్త నేర విచారణ ప్రక్రియా స్మృతి చెప్తున్నది. వెళ్ళేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, లావాదేవీ నంబరు, వచ్చిన ఇ-మెయిల్ ముద్రిత ప్రతి తీసుకువెళ్ళండి. సిగ్గుపడి ఆ ఇ-మెయిల్‌ను చెరిపివేయకండి. అది ఎక్కడినుండి వచ్చిందో తెలిపే వివరాలు అసలు ఉత్తరంలోనే ఉంటాయి, ఫొటోలో ఉండవు.