ఏవన్ నదిపై ఒక వాసంతదినము

ఇంగ్లండు దేశమున ఏప్రిలు మాసమున ట్యూక్స్‌బరీ పట్టణమునుండి ఏవన్ నదిపై ఎగువకు పడవ సాగించువారికి తొందర పనికిరాదు. పడవ ఇంచుమించు మనుష్యుడు నడచునంత వేగముననే పోవును. ఇరుగట్లను విల్లో చెట్లు చివురించి నీటిపైకి వంగియుండును. ఎగువ లోయలో ప్లమ్ తోటలు తెల్లగా పూచియుండును. లాకు వచ్చినప్పుడు పడవలోనివారే దిగి, తలుపులు మూసి, నీరు నింపి, పడవ పైమట్టమునకు లేచువరకు ఓపికతో నిలువవలయును. ఉదయమున బయలుదేరినవారు సుమారు 14 మైళ్లు గడచి సాయంకాలమునకు పెర్షోరు చేరుదురు.

ఈ విశ్రాంతి యెంత మధురమో దాని వెనుకటి చరిత్ర యంత కఠినము. ఆ పడవను చూడుడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 7 అడుగులు మాత్రమే. ఇది విలాసమునకై యేర్పడిన ఆకారము కాదు. 1761లో బ్రిడ్జివాటరు కాలువ మాంచెస్టరునకు బొగ్గును చేర్చిన పిమ్మట, ఆ పనిలో పేరొందిన జేమ్సు బ్రిండ్లీ మధ్య ఇంగ్లండున కాలువలు త్రవ్వించుచు లాకులను ఇరుకుగా కట్టించెను. ఇరుకు లాకునకు వ్యయము తక్కువ, నీరును తక్కువ. లాకునకు తగినట్లే పడవయు సన్ననిదయ్యెను.

19వ శతాబ్దమున రైళ్లు పోటీకి రాగా పడవవాని కూలి తగ్గెను. కూలివానిని పెట్టుకొను శక్తి లేక అనేకులు భార్యాబిడ్డలనే పడవలోనికి తెచ్చుకొనిరి. సరకునకు పోగా మిగిలినది సుమారు 10 అడుగుల గది. అందే వంట, అందే పురుడు, అందే నిద్ర. తల్లి చుక్కాని పట్టగా బిడ్డ గుఱ్ఱము వెంట గట్టుపై నడిచెడివాడు. నేడొక చోట, రేపొక చోట నుండు బిడ్డకు ఏ బడి తలుపు తెఱచును? కావున తరతరములుగా వారిలో అక్షరాస్యులు అరుదైరి.

బాల్యమున తానే ఇటుకల బట్టీలో శ్రమించిన జార్జి స్మిత్తు అనునాతడు ఈ దురవస్థను లోకమునకు చాటెను. అతని యాందోళన ఫలితముగా 1877లో పడవ కాపురములను నమోదుచేయు శాసనము పుట్టెను. 1884లో మఱియొక శాసనము దానిని బలపఱచెను. శాసనమువలన గదిలో జనసమ్మర్దము కొంత తగ్గినది గాని, కదలిపోవు బిడ్డను బడికి తెచ్చుట మాత్రము మిగుల కష్టసాధ్యమయ్యెను.

నది కథయు ఇట్టిదే. 1636లో విలియము శాండిసు చార్లెసు రాజువలన అనుమతి పొంది ఏవన్ నదిని పడవలకు అనువుపఱుప నారంభించెను. 1816లో స్ట్రాట్‌ఫర్డు వద్ద కాలువ వచ్చి నదిలో కలిసెను. పిమ్మట రైళ్ల కాలమున ఎగువభాగము పాడుపడి, 19వ శతాబ్దాంతమునకు లాకులు శిథిలములయ్యెను. దానిని మరల బ్రదికించినది ధనికుల విలాసేచ్ఛ కాదు. 1950లో నొక ధర్మసంస్థ యేర్పడి ఈవ్షామువరకు గల దిగువభాగమును 1962 నాటికి తెఱపించెను. ఎగువభాగమును డేవిడ్ హచింగ్సు నాయకత్వమున స్వచ్ఛంద సేవకులును, చెఱసాలలనుండి వచ్చిన ఖైదీలును బురదలో దిగి బాగుచేసిరి. 1974లో పడవలు మరల స్ట్రాట్‌ఫర్డు చేరినవి. సమాజము వెలివేసినవాని చెమటయు ఆ ప్రశాంత జలములలో కలిసియున్నది.

ఈ కథ మనకు పరాయిది కాదు. కాటను దొర 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి, పైరులకే గాక పడవలకును కాలువలు సాగించెను. లాకు అను మాట మన పల్లెలలో నేటికిని నిలిచియున్నది. ఆనకట్ట కట్టించిన దొర పేరు మనమెఱుగుదుము. త్రాడు భుజమున వేసికొని గట్టువెంట పడవను లాగినవాని పేరు మన చరిత్రలో నేపుటయందున్నది? ఏవన్ నదిపై ఒక దినము సుఖముగా గడపి వచ్చినవాడు ఈ ప్రశ్నను వెంట తెచ్చుకొనినచో ఆ విహారము వ్యర్థము కాదు. మన కాలువగట్ల వృద్ధులు తమ తండ్రుల మాటలు చెప్పగలుగునంతలోనే వానిని వ్రాసియుంచుట మన విధి.